వాహన బ్యాటరీతో వైద్య పరికరములను నడుపుట

గ్రామములకు పోవు వైద్య వాహనములలో దీపము, గొంతులోని కఫమును పీల్చు పంపు మొదలగు చిన్న పరికరములు బ్యాటరీ విద్యుత్తుపై నడచును. కార్లు, జీపులలో ఇది 12 వోల్టులు. పెద్ద లారీలు, బస్సులలో సాధారణముగా 24 వోల్టులు. 12 వోల్టుల పరికరమును 24 వోల్టులకు తగిలించినచో అది చెడిపోవును.

12 వోల్టుల వలన షాకు తగులదని పలువురు ఏమరుపాటుతో నుందురు. షాకు సాధారణముగా తగులదు. కాని రెండు తీగలు ఒకదానినొకటి తాకినచో వందల ఆంపియర్ల ప్రవాహము పుట్టి, తీగ ఎఱ్ఱగా కాలి, వాహనమే అంటుకొనవచ్చును. కావున పరికరమునకు పోవు తీగకు బ్యాటరీ చెంతనే ఫ్యూజు అమర్చవలయును. తీగ మోయగల ప్రవాహమునకు మించిన ఫ్యూజును వాడరాదు. కాలిన ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టరాదు.

వాట్లను వోల్టులచే భాగించినచో ఆంపియర్లు తెలియును. 60 వాట్ల పంపు 12 వోల్టులపై 5 ఆంపియర్లు తీసికొనును. ఇంజను ఆపి, 60 ఆంపియర్-గంటల బ్యాటరీపై దానిని 6 గంటలు నడిపినచో సగము శక్తి వ్యయమగును. అంతకు మించినచో, రోగిని ఆసుపత్రికి చేర్పవలసిన వేళ ఇంజను కదలకపోవచ్చును. పాత బ్యాటరీ ఇంకను ముందే నీరసించును.

బ్యాటరీని నింపుటకై మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణము తీయును. బ్యాటరీ నుండి వెలువడు హైడ్రోజన్ వాయువు నిప్పు తగిలినచో ప్రేలును. దాని చెంత బీడీగాని అగ్గిపుల్లగాని వెలిగింపరాదు.