ఏ సబ్‌క్లాస్ కావాలో ముందే తెలియనప్పుడు

ఎం.సి.ఎ. ఆఖరి సెమిస్టర్‌లో మేము స్కాలర్‌షిప్ లెక్క కట్టే ప్రోగ్రామ్‌ను ప్రాజెక్టుగా చేశాము. 'విద్యార్థి' అనే క్లాస్, దాని కింద 'కాలేజీ హాస్టల్ విద్యార్థి', 'డేస్కాలర్' అని రెండు సబ్‌క్లాసులు. ఆబ్జెక్ట్ కావలసిన ప్రతిచోటా ఇఫ్-ఎల్స్ పెట్టి 'న్యూ' అని రాసేశాము. అలా ఏడు చోట్ల! చివరి వారంలో గైడ్ గారు స్టూడెంట్ మేనేజ్డ్ హాస్టల్ వాళ్ళను కూడా చేర్చమన్నారు. ఆరు చోట్ల మార్చాము, ఏడోది మరిచాము. వైవాలో ఆ విద్యార్థికి డేస్కాలర్ మొత్తమే వచ్చింది. మెస్ బిల్లు కట్టి చదువుకున్న మనకు ఆ తేడా ఎంతో తెలుసు. తల ఎత్తలేకపోయాము.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇందులో చిక్కు ఏమిటో చూడండి. వచ్చే విద్యార్థి ఏ రకమో ప్రోగ్రామ్ రాసేటప్పుడు తెలియదు, దరఖాస్తు చదివాకే తెలుస్తుంది. కనుక ఎంపిక రన్‌టైమ్‌లో జరగక తప్పదు. అది ఏడు చోట్ల జరగడమే మా పొరపాటు. ఎంపికను ఒక్క మెథడ్‌లో పెట్టి, దాని రిటర్న్ టైప్‌ను 'విద్యార్థి' అని ఉంచాలి. మిగతా ప్రోగ్రామ్ ఆ మెథడ్ ఇచ్చిన ఆబ్జెక్ట్‌ను 'మొత్తం ఎంత?' అని అడిగితే చాలు. ఎవరి లెక్క వాళ్ళ సబ్‌క్లాస్‌లో ఓవర్‌రైడ్ అయి ఉంటుంది.

ఇంకొక మాట. మేము చివరి ఎల్స్‌లో డేస్కాలర్‌ను పెట్టడం వల్లే తప్పు అంతవరకు దాగింది. తెలియని రకం వస్తే ఎక్సెప్షన్ విసరాలి. ప్రోగ్రామ్ ఆగిపోయినా ఫరవాలేదు, తప్పుడు లెక్క రాకూడదు.

జావాలోని 'క్యాలెండర్' ఇలాంటిదే. అది అబ్‌స్ట్రాక్ట్ క్లాస్, 'న్యూ'తో ఆబ్జెక్ట్ రాదు. 'గెట్‌ఇన్‌స్టన్స్' అని పిలిస్తే లొకేల్ చూసి మామూలుగా గ్రెగోరియన్ క్యాలెండర్ ఇస్తుంది. థాయ్‌లాండ్ లొకేల్ అయితే బౌద్ధ శకం క్యాలెండర్ వస్తుంది, అందులో 2000 సంవత్సరం 2543 అవుతుంది. (2014లో జావా 8 వచ్చాక తేదీల కోసం కొత్త క్లాసులున్నాయి. అయినా పాఠానికి ఇదే తేలిక.)

పరీక్షలో మాత్రం జాగ్రత్త. పైన చెప్పినదాన్ని సింపుల్ ఫ్యాక్టరీ అంటారు. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడీస్ తమ 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకంలో చెప్పిన ఫ్యాక్టరీ మెథడ్ వేరు. అక్కడ ఆబ్జెక్ట్‌ను తయారుచేసే మెథడ్‌నే సబ్‌క్లాసులు ఓవర్‌రైడ్ చేస్తాయి.

వారం తర్వాత ప్రోగ్రామ్ సరిచేసి మళ్ళీ చూపించాము. గైడ్ గారు నవ్వి నాలుగో రకం అడిగారు. ఒక కొత్త క్లాస్, ఆ మెథడ్‌లో ఒక షరతు. అక్కడే కూర్చుని చేర్చాము.