పెంకు చెప్పిన సాక్ష్యం: మన దేశంలోనూ నిప్పుకోళ్లు తిరిగాయి

సూరత్ దగ్గర సముద్రంలో కలిసే తపతి నది పరీవాహక ప్రాంతంలో, ఎగువన మహారాష్ట్రలో జల్‌గావ్ జిల్లా ఉంది. ఆ జిల్లాలోని పాట్నే వద్ద జరిపిన తవ్వకాల్లో గీతలు చెక్కిన నిప్పుకోడి గుడ్డు పెంకు బయటపడింది. దాని వయసు సుమారు 25 వేల ఏళ్లు. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలోనూ ఇలాంటి పెంకులు దొరికాయి. నేడు నిప్పుకోడి సహజంగా బతికేది ఆఫ్రికాలోనే. మరి ఈ పెంకులు నిజంగా దానివేనా?

పెంకు మందాన్ని, నిర్మాణాన్ని బట్టి అవుననే భావించేవారు. అయితే పోలిక వేరు, రుజువు వేరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, మరికొన్ని సంస్థల పరిశోధకులు కలిసి ఈ పాత పెంకుల నుంచి డీఎన్ఏను వెలికితీశారు. అది ఆఫ్రికా నిప్పుకోడి డీఎన్ఏతో దగ్గరగా సరిపోలింది. ఈ ఫలితాలు 2017లో ప్లోస్ వన్ పత్రికలో వచ్చాయి.

ఇది ఎందుకు కష్టం?

జీవి చనిపోగానే దాని డీఎన్ఏ తెగిపోవడం మొదలవుతుంది. న్యూజిలాండ్‌లో అంతరించిన మోవా పక్షి ఎముకలపై 2012లో ఒక అధ్యయనం వెలువడింది. సగటున 13 డిగ్రీల చల్లదనంలో కూడా, 242 అక్షరాల పొడవున్న డీఎన్ఏ ముక్కలు 521 ఏళ్లకోసారి సగానికి తగ్గుతాయని అది తేల్చింది. ఆ లెక్కన 25 వేల ఏళ్లలో అవి సుమారు 48 సార్లు సగమవుతాయి. అంటే దాదాపు ఏమీ మిగలదు. మన ఎండలకు ఈ క్షయం ఇంకా వేగంగా జరుగుతుంది. గడ్డకట్టిన నేలల సంగతి వేరు. గ్రీన్‌లాండ్ మట్టిలో 20 లక్షల ఏళ్ల నాటి మాస్టొడాన్ ఏనుగుల డీఎన్ఏతో పాటు బర్చ్, పాప్లర్ చెట్ల డీఎన్ఏ కూడా దొరికింది.

అయినా రెండు అంశాలు మనకు కలిసొచ్చాయి. ముక్క ఎంత పొట్టిదైతే అది మిగిలే అవకాశం అంత ఎక్కువ. పైగా పెంకులోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు తమలో చిక్కుకున్న డీఎన్ఏను నీటి నుంచి, సూక్ష్మజీవుల నుంచి కొంతవరకు కాపాడతాయి.

అసలుదా, అంటుకున్నదా?

దొరికిన డీఎన్ఏ పాతదేనని ఎలా నమ్మాలి? పెంకును తాకిన మనిషి డీఎన్ఏ కూడా దానికి అంటుకోవచ్చు. అందుకే ప్రత్యేకమైన శుభ్ర గదుల్లో, నమూనా లేని ఖాళీ గొట్టాలను కూడా పక్కనే పరీక్షిస్తూ పని చేస్తారు. కాలం చేసిన గాయం మరో గుర్తు. పాత డీఎన్ఏ ముక్కల చివర్లలో సైటోసిన్ అనే అక్షరం దెబ్బతిని, థైమిన్‌గా చదవబడుతుంది. కొత్త డీఎన్ఏలో ఈ తేడా అంతగా కనిపించదు.

ఇంకా తేలాల్సింది

ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకాశం జిల్లాలో 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు దొరికిందని 2024లో వెల్లడైంది. వడోదరలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం అక్కడ సుమారు 3,500 పెంకు ముక్కలను సేకరించింది. ఇంత విస్తారంగా బతికిన పక్షి ఎందుకు కనుమరుగైంది? వాతావరణం మారడమా, వేటా, రెండూనా? జవాబు ఇలాంటి పెంకుల్లోనే ఉండవచ్చు. కాబట్టి పొలంలోనో వాగు గట్టునో వింతైన మందపాటి పెంకులు కనిపిస్తే ఏరకండి, కడగకండి. చోటు గుర్తుపెట్టుకుని పురావస్తు శాఖకు తెలియజేయండి. ఏ పొరలో దొరికిందో తెలియని పెంకు సగం సాక్ష్యాన్ని పోగొట్టుకున్నట్టే.