బటర్‌ఫ్లై ఈతలో సజన్ ప్రకాశ్

మనకు ఈత అంటే ఊరి బావి, చెరువు. స్విమ్మింగ్ పూల్‌ను మనలో చాలామంది టీవీలోనే చూశాం. కాబట్టి ముందుగా ఈ ఈత గురించి నాలుగు మాటలు.

బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి నీటిపై నుండి ముందుకు రావాలి. కాళ్లు రెండూ కలిపి చేప తోకలా కొట్టాలి. గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి, ఒక్క చేయే తాకితే అనర్హుడే. ఒకప్పుడు ఇది బ్రెస్ట్‌స్ట్రోక్‌లో భాగం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నుండి విడి పోటీ అయింది. 200 మీటర్లంటే పెద్ద పూల్‌లో ఆ చివర నుండి ఈ చివరకు నాలుగుసార్లు. చివరిసారి భుజాలు నీటిలో నుండి లేవనంటాయి.

సజన్ 1993లో కేరళలోని ఇడుక్కి జిల్లాలో పుట్టాడు. పెరిగింది తమిళనాడులోని నైవేలిలో. తల్లి శాంతిమోల్ అథ్లెట్, అక్కడి లిగ్నైట్ కార్పొరేషన్ ఉద్యోగిని. కోచ్ ప్రదీప్ కుమార్.

2016 రియో ఒలింపిక్స్‌కు సజన్ యూనివర్సాలిటీ కోటాలో వెళ్లాడు. నిర్ణీత 'ఏ' టైమింగ్ అందుకున్న ఈతగాళ్లు లేని దేశాలకు ఇచ్చే అవకాశం అది. 200 మీటర్ల బటర్‌ఫ్లైలో 1 నిమిషం 59.37 సెకన్లు, 28వ స్థానం. "కోటా మీద పోయాడు" అని తేల్చేయడానికి అంతకంటే ఏం కావాలి? ఆ మాట మనకు కొత్త కాదు. మన రిజర్వేషన్, ఆ కోటా ఒకటే అని నేననను. మనది చరిత్ర బాకీ. కానీ వినే మాట మాత్రం ఒకటే.

తర్వాత మెడ గాయం. ఆపై కరోనా, శిక్షణకు వెళ్లిన థాయ్‌లాండ్‌లో చిక్కుకుపోవడం. 2020లో దుబాయ్‌లో మళ్లీ కోచ్ దగ్గర సాధన మొదలైంది. 2021 జూన్ 26న రోమ్‌లో 1:56.38. టోక్యో 'ఏ' టైమింగ్ 1:56.48. సెకనులో పదో వంతు తేడాతో, నేరుగా ఒలింపిక్ అర్హత సాధించిన తొలి భారత ఈతగాడయ్యాడు. రియో కంటే దాదాపు మూడు సెకన్లు తక్కువ!

మొన్న తార్నాకలో చాయ్ తాగుతూ ఇదంతా చెబితే మా జూనియర్ ఒకడు అడిగాడు: "అన్నా, రియోకు పంపకపోతే రోమ్ దాకా వచ్చేటోడా?" ఐదేళ్లు సమయం, పెద్ద పోటీల అనుభవం దొరికాయి కాబట్టే వచ్చాడని నా అభిప్రాయం.

టోక్యోలో 1:57.22తో 24వ స్థానం. సెమీఫైనల్‌కు 16 మందికే చోటు. కేరళ పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తూ ఈత కొనసాగించిన సజన్‌కు 2024 సంవత్సరపు అర్జున అవార్డు లభించింది.