నల్లమల చెంచులును మన కాలువ నీరును

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల రైతులమగు మనము కాలువకు నీరు వదలెడి దినమును లెక్కించుకొనుచుందుము గాని, ప్రకాశం బ్యారేజిని చేరుటకు ముందు ఆ నీరు ఏ నేలగుండ వచ్చుచున్నదో విచారింపము. శ్రీశైలము చెంత కృష్ణ నల్లమల కొండలను చీల్చుకొని పారును. ఆ యడవిలో పెంటలను చిన్న పల్లెలు కట్టుకొని చెంచులు తరతరములుగా నివసించుచున్నారు. అడవి చెడినచో కొండమన్ను ఏటిపాలగును. కనుక వారి సంగతి మనదియును.

దుంపలు, తేనె, తపసి బంక వారి జీవనాధారములు. అడవివారు చేయునదెల్ల అడవికి మేలేయని మేమనము. బంకకు గిరాకి పెరిగినపుడు గొడ్డలితో మ్రానిని లోతుగా నరుకుటవలన చెట్లనేకము చచ్చినవి. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ ఈ బంకను కొనుచున్నది. 1990వ దశకమునుండి బెరడును పైపైన చిన్నగాటు పెట్టి, బంకను శుభ్రముగా తీయు పద్ధతి నేర్పిరి. శుభ్రమైన సరకునకు ధర హెచ్చు, చెట్టును బ్రతుకును. పాలు, ధాన్యము అమ్ముకొను మన సభ్యులకు ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు.

1983లో ఈ యడవి పులుల సంరక్షణ పథకమున చేరినది. నేడు అటవీశాఖవారి శిబిరములలో కాపలాదారులుగా చెంచులే యనేకులున్నారు. కొండముచ్చు కూతను, కణుజు అరపును విని పులి యెటు కదలినదో చెప్పగలవారు వేరెవరు? అయినను పులికొరకు పెంటలను వెలుపలికి తరలింపవలెనను మాట తరచు వినబడుచుండును. ఇది మాకు సరియని తోచదు. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ప్రకారము, గ్రామసభ తెలిసి వ్రాతపూర్వకముగా సమ్మతింపనిదే వారిని కదల్పరాదు.

2019లో అమ్రాబాదు అడవిలో యురేనియము కొరకు బోర్లు వేయు ప్రయత్నము జరుగగా, చెంచులు మొదట నిలిచి యెదిరించిరి. ఇతరులును వారితో గొంతు కలిపిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ త్రవ్వకములు కూడదని తీర్మానించినది. ఆ కొండవాగులు దిగి కలియునది కృష్ణలోనే.