గని గుంతలో నీళ్లు తాగొచ్చా?

ప్రశ్న: మా ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని మూతపడి, గుంత నిండా నీళ్లు చేరాయి. తేటగానే ఉన్నాయి. ఊరి ట్యాంకుకు ఎక్కించుకోవచ్చా? – ఒక పాఠకుడు, మంచిర్యాల జిల్లా

జవాబు: తేటగా ఉన్నంత మాత్రాన ఎక్కించకండి. బొగ్గు పొరల్లోని పైరైట్ అనే ఖనిజానికి గాలి, నీరు తగిలితే సల్ఫేట్లు, ఇనుము నీళ్లలోకి దిగుతాయి. పేలుడు మందులో అమ్మోనియం నైట్రేట్ వాడతారు కాబట్టి నైట్రేట్ కూడా చూడాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి పరీక్ష చేయించండి. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. సల్ఫేట్ 200 లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేకపోతే 400 వరకు ఒప్పుకుంటారు.

బ్లీచింగ్ కలిపితే చాలనుకుంటారు చాలామంది. అది క్రిములను చంపుతుందే గానీ కరిగిన లవణాలను తీయలేదు. లవణాలు హద్దులో ఉంటే పటిక, ఇసుక ఫిల్టర్, క్లోరిన్ సరిపోతాయి. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. హద్దు దాటితే ఆర్‌ఓ తప్పదు.

నీళ్లకంటే నాకు ఒడ్డు గురించే ఎక్కువ భయం. గట్లు నిట్టనిలువుగా ఉంటాయి, వానకు నాని జారతాయి. ఒక్క అడుగు తేడాలో నిలువు లోతు. పంపును తేలే తెప్ప మీద పెట్టించి, పైపు మాత్రమే గట్టెక్కించండి. చుట్టూ కంచె వేయించమని గ్రామసభ తీర్మానంతో గని యాజమాన్యాన్ని ఇప్పుడే గట్టిగా అడగండి.