చక్రాల ఇంటికి కరెంటు పెట్టె

క్యాంపర్ అంటే చక్రాల మీద కదిలే చిన్న ఇల్లు. వ్యాను లోపలే పడక, దీపాలు, ఫ్యాను, బుల్లి ఫ్రిజ్ ఉంటాయి. రాత్రికి ఏ అడవి అంచునో ఆగితే కరెంటు స్తంభం కనిపించదు. వ్యాను సొంత బ్యాటరీని వాడేస్తే తెల్లవారి ఇంజను కదలదు! అందుకే చాలామంది ‘పోర్టబుల్ పవర్ స్టేషన్’ అనే పెట్టెను వెంట తీసుకువెళతారు. అందులో ఒక పెద్ద బ్యాటరీ, దాని ఏకముఖ విద్యుత్తును మన ఇళ్లలోలాగా 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చే ఇన్వర్టరు ఉంటాయి.

పెట్టె మీద రెండు అంకెలు చూస్తాం. 1000 వాట్ గంటలు, 800 వాట్లు అని ఉందనుకోండి. ఇవి రెండూ వేరు. మేడమీది నీళ్ల ట్యాంకును తలచుకోండి. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో చెప్పేది వాట్ గంట, అది శక్తి. గొట్టంలోంచి ఒక్కసారిగా ఎంత ధార రాగలదో చెప్పేది వాట్, అది సామర్థ్యం.

ముందు ట్యాంకు సంగతి. 10 వాట్ల దీపాలు రెండు 5 గంటలు వెలిగితే 100 వాట్ గంటలు. 30 వాట్ల ఫ్యాను 8 గంటలకు 240. ఫ్రిజ్ కంప్రెసరు 45 వాట్లది. అది ఆగి ఆగి ఆడుతుంది కనుక రోజుకు 8 గంటలు వేసుకుంటే 360. ఫోన్లకు 30. మొత్తం 730.

సరిపోయిందని సంబరపడకండి. ఇన్వర్టరు ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా కొంత శక్తిని తింటుంది. అది 10 వాట్లే అనుకున్నా 24 గంటలకు 240 అవుతుంది. లెక్క 970కి చేరింది! పైగా విద్యుత్తును మార్చేటప్పుడు పదో వంతు దాకా వేడిగా పోతుంది. కాబట్టి 12 వోల్టులతో పనిచేసే ఫ్రిజ్, ఫ్యాను, దీపాలు కొని, పెట్టెకున్న 12 వోల్టుల సాకెట్‌కే తగిలించి, ఇన్వర్టరును ఆపేయడం తెలివైన పని.

ఇక గొట్టం. 1500 వాట్ల ఇండక్షన్ పొయ్యి మీద 20 నిమిషాలు వండితే 500 వాట్ గంటలే ఖర్చు. పెట్టెలో 1000 ఉన్నాయి కదా? అయినా అన్నం ఉడకదు. 800 వాట్లు దాటగానే పెట్టె తనంతట తానే ఆగిపోతుంది. మోటార్లతోనూ జాగ్రత్త. మొదలయ్యే క్షణంలో అవి మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ విద్యుత్తు లాగుతాయి. వంటకు గ్యాసు పొయ్యే మేలని నా అభిప్రాయం.

లోపలి బ్యాటరీ ఏ రకమో కూడా అడగండి. సీసం బ్యాటరీ బరువెక్కువ. దానిలోని శక్తిలో సగానికి మించి తరచుగా వాడితే త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే వేలసార్లు ఛార్జి చేయవచ్చు. ఈ పదార్థం బ్యాటరీకి పనికివస్తుందని 1997లో వెల్లడించినది అమెరికాలోని జాన్ గుడినఫ్ బృందం. లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి ఆయన 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. అయితే 0 డిగ్రీల సెల్సియస్ కంటే చలిలో దీన్ని ఛార్జి చేయకూడదు. ఎండలో మూసి ఉంచిన వ్యాను వేడీ దీనికి పడదు.

ఖాళీ అయిన పెట్టెను నింపేదెలా? వ్యాను సాకెట్ నుంచి 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు, అంటే 120 వాట్లు వస్తే, నిండడానికి 8 గంటలకు పైగా ప్రయాణం చేయాలి. పైకప్పు మీది 200 వాట్ల సౌరఫలకం బాగా ఎండ కాసిన రోజున 700 వాట్ గంటల దాకా ఇవ్వవచ్చు.

ఇప్పుడు మీకొక లెక్క. ఇన్వర్టరు ఆపే ఉంది, రోజుకు 730 చొప్పున ఖర్చు, పెట్టె నిండుగా ఉంది. వ్యాను కదలలేదు, రెండు రోజులు మబ్బు పట్టి ఎండే లేదు. ఏ సాధనాన్ని ఎన్ని గంటలు ఆపితే రెండో రాత్రి దాకా దీపాలు వెలుగుతాయి?