ఒక్కరే వేటకు వెళ్తున్నారా? సేఫ్టీ కిట్‌లో ఏం అడగాలి, ఏం చూసి తీసుకోవాలి

ఎవరి కోసం: తెప్ప మీదో, చిన్న ఫైబర్ బోటు మీదో గాలం వేటకు, వల వేటకు ఒక్కరే వెళ్లే మత్స్యకార సోదరుల కోసం. ఐదారుగురు కలిసి వెళ్లే బోటుకు కావలసిన సామాను వేరు. ఆ సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ట్రాలర్లు కాని సంప్రదాయ, మోటారు బోట్లకు సేఫ్టీ కిట్ ఉంది. మార్గదర్శకాల ప్రకారం యూనిట్ ఖర్చు 1 లక్ష రూపాయలు. జనరల్, బీసీ వర్గాల వారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీ. మిగతాది మీరే కట్టుకోవాలి. అంటే మీ డబ్బు కూడా ఇందులో ఉంది. ‘గవర్నమెంటు వాళ్లు ఏది ఇస్తే అదే’ అని ఊరుకోకుండా, కావలసింది అడిగి, చూసి, అప్పుడు సంతకం పెట్టండి.

ఒక్కరే ఉంటే తేడా ఏంటి?

బోటులో రింగు ఉందనుకుందాం. తోటివాడు నీళ్లలో పడితే మీరు విసురుతారు. మీరే పడితే విసిరేది ఎవరు? రేడియో క్యాబిన్‌లోనో, పెట్టెలోనో ఉంటుంది. ఫ్లేర్లు డబ్బాలో ఉంటాయి. మీరు నీళ్లలో, సామానంతా బోటులో. ఇంజన్ ఆగకపోతే బోటు తన దారిన అది పోతూనే ఉంటుంది.

అందుకే ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను నీళ్లలో ఉన్నప్పుడు, ఒక్క చేత్తో, ఇది నాకు పనికొస్తుందా? పనికిరాదంటే దాన్ని పారెయ్యక్కర్లేదు గానీ, దాన్ని నమ్ముకుని వేటకు వెళ్లకూడదు.

బోటులో ఉండి కూడా సామాను అందకపోవచ్చు. మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ 2018లో గోల్డెన్ గ్లోబ్ పందెంలో ‘తురీయ’ అనే తెరచాప పడవ మీద ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టడానికి బయలుదేరారు. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు కొయ్య విరిగింది, ఆయన వెన్నుకు దెబ్బ తగిలింది. కదల్లేని స్థితి. రెండో శాటిలైట్ ఫోను, చేతి రేడియో ఎమర్జెన్సీ సంచిలో భద్రంగా ఉన్నాయి. కానీ ఆ సంచి దాకా ఆయన వెళ్లలేకపోయారు. చిన్న మెసేజ్ యంత్రం అందుబాటులో ఉండటం, ప్రమాద సంకేతం పంపే బీకన్ పని చేయడం వల్ల ఆయన ఎక్కడున్నారో తెలిసింది. సెప్టెంబర్ 24న ‘ఒసిరిస్’ అనే ఫ్రెంచి నౌక వచ్చి రక్షించింది. అంత శిక్షణ ఉన్న మనిషికే సంచి అందలేదు. మన ఎమర్జెన్సీ సామాను ఐస్ బాక్స్ కింద ఉంటే ఎలా?

లైఫ్ జాకెట్

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. చాలామంది దీన్ని వేసుకోరు. ఉక్కపోత, వల లాగడానికి చేతులు ఆడవు అంటారు. అది నిజమే. కాబట్టి ‘మంచి జాకెట్’ అంటే ఖరీదైనది కాదు, వేట అయ్యేదాకా మీరు ఒంటి మీద ఉంచుకోగలిగేది.

జాకెట్ లోపల చీటీ మీద న్యూటన్ల లెక్క ఉంటుంది. సుమారు 10 న్యూటన్లు అంటే నీళ్లలో 1 కిలో బరువును పైకి పట్టి ఉంచే బలం. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకు, ఒడ్డు పక్కన, సాయం దగ్గర్లో ఉన్నప్పుడు మాత్రమే. 100 న్యూటన్లది కెరటాలు పెద్దగా లేని నీళ్లకు. ఒడ్డు కనపడనంత దూరం వెళ్లేవారికి 150 కావాలి. స్పృహ తప్పినా మొహం పైకి ఉండేలా తిప్పగల బలం అందులోనే ఎక్కువ.

జాకెట్లు రెండు రకాలు. ఫోమ్ జాకెట్ లావుగా ఉంటుంది, కానీ గాలం గుచ్చుకున్నా, చేప ముల్లు దిగినా తేలుతుంది. గ్యాస్ జాకెట్ పలచగా, చల్లగా ఉంటుంది. నీళ్లలో పడగానే చిన్న సిలిండర్ పగిలి ఉబ్బుతుంది. చిల్లు పడితే మాత్రం పనికిరాదు. ఒకసారి ఉబ్బాక సిలిండర్ మార్చాలి. దానికి ఖర్చుంది, మన ఊళ్లో దొరకడమూ కష్టమే. గాలాలతో పనిచేసేవారికి ఫోమ్‌దే నా సలహా. కానీ ఫోమ్ జాకెట్ ఇస్తే బోటులో మడిచి దాని మీద కూర్చుంటాను అనేవారికి, ఒంటి మీద ఉండే గ్యాస్ జాకెట్టే నయం. గ్యాస్‌ది తీసుకుంటే తాడు లాగితే ఉబ్బేది కాదు, నీరు తగలగానే తనంతట తానే ఉబ్బేది అడగండి. తలకు దెబ్బ తగిలితే తాడు లాగేవారుండరు.

లోపల థర్మకోల్ ముక్కలు పెట్టి కుట్టిన జాకెట్లు సంతల్లో వస్తుంటాయి. నాలుగు రోజులు ఎండకు పెట్టి నలిపితే పొడి అవుతుంది. అవి తీసుకోకండి. డీజీ షిప్పింగ్ ఆమోదం ముద్ర ఉందా చూడండి. నారింజ రంగు, మెరిసే టేపు, తాడుతో కట్టిన విజిల్, నీళ్లు తగిలితే వెలిగే లైటు ఉండాలి. రాత్రి వెతికేవారికి కెరటాల మధ్య మనిషి తల కనపడదు, ఆ లైటే కనపడుతుంది.

కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉందా? ఈ పట్టీ లేకపోతే నీళ్లలో జాకెట్ చెవుల దాకా పైకి వస్తుంది, మనిషి కిందికి జారతాడు. పట్టీ లేకుంటే గట్టి నవారుతో కుట్టించుకోండి.

మళ్లీ బోటు ఎక్కడం

తేలుతూ ఉండటం సగం పని. తడి బట్టలతో, అలసిపోయి, ఫైబర్ బోటు అంచు పట్టుకుని పైకి ఎక్కడం చాలా కష్టం. తెప్ప అయితే ఎలాగోలా ఎక్కొచ్చు. రెండు మూడు ఉచ్చులు వేసిన తాడు నిచ్చెనను బోటు పక్కకు కట్టుకోండి. నీళ్లలో ఉన్నవారి చేతికి అందాలి, లాగితే జారిపడాలి, కింది మెట్టు నీటి లోపలికి దిగాలి. ఇది కిట్‌లో లేకపోయినా మీరే కట్టుకోవచ్చు. ఖర్చు తాడుదే.

ఔట్‌బోర్డ్ ఇంజన్ ఉంటే ఎర్ర తాడు ఒకటి వస్తుంది. దాన్ని మణికట్టుకో, జాకెట్‌కో తగిలిస్తే మీరు పడగానే ఇంజన్ ఆగుతుంది. చాలా బోట్లలో ఆ తాడును ఇంజన్‌కే చుట్టేసి ఉంచుతారు, అలా అయితే అది ఉన్నా లేనట్టే. పొడుగు షాఫ్ట్ డీజిల్ ఇంజన్లకు ఈ ఏర్పాటు ఉండదు. వాటితో వెళ్లేవారు ఇంజన్ నడుస్తున్నప్పుడు అంచు మీద నిలబడి పని చేయకూడదు. ఒంటికి పొందకం ఉండాలి. మూత్రానికి లేచినా సరే.

రేడియో, డాట్, ట్రాన్స్‌పాండర్

మొబైల్ ఫోను ఒడ్డుకు దగ్గర ఉన్నంతవరకే. ఆ దాటాక రేడియో కావాలి. చేతి వీహెచ్‌ఎఫ్ సెట్ 5 వాట్లది, నీళ్లలో పడినా తేలేది అడగండి. చిన్న బోటు నుంచి కొద్ది నాటికల్ మైళ్లే అందుతుంది, కానీ దగ్గర్లో వెళ్లే బోట్లు, ఓడలు వింటాయి. 16వ ఛానల్ పెట్టి ‘మేడే’ అని మూడుసార్లు, తర్వాత బోటు పేరు, ఉన్నచోటు, ఏమైందో, ఎంతమంది ఉన్నారో చెప్పాలి. సెట్ పెట్టెలో కాదు, జాకెట్‌కు కట్టి ఉంచండి.

డాట్ అంటే ఇస్రో తయారుచేసిన ప్రమాద హెచ్చరిక యంత్రం. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి సమాచారం వెళ్తుంది, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కు. పాత యంత్రంలో మన కబురు చేరిందో లేదో తెలిసేది కాదు. తర్వాత వచ్చిన రెండో తరం డాట్‌లో ‘అందింది’ అని తిరుగు సమాచారం వస్తుంది. పాతది అంటగడితే వద్దనండి.

బోటుకు బిగించే ట్రాన్స్‌పాండర్‌ను కేంద్రం ఉచితంగానే ఇస్తోంది. దేశంలో 1 లక్ష బోట్లకు 364 కోట్ల రూపాయలతో ఆ కార్యక్రమం 2024లో మొదలైంది. పెట్టించుకోండి. అయితే అది చూపించేది బోటు ఉన్న చోటును. మీరు పడిపోయి బోటు కొట్టుకుపోతే, వెతికేవారు ముందు ఖాళీ బోటును చేరతారు. అందుకే జాకెట్ లైటు, విజిల్ గురించి అంతగా చెప్పాను.

పొరపాటున మీట నొక్కితే భయపడి దాచిపెట్టకండి. కోస్ట్ గార్డ్ టోల్‌ఫ్రీ 1554కి ఫోను చేసి చెప్పండి.

ఫ్లేర్లు: చేతి ఫ్లేర్ సుమారు ఒక నిమిషం వెలుగుతుంది. ఓడో, విమానమో కనపడ్డాకే వెలిగించాలి. గాలి పోయే వైపుకు చేయి చాచి పట్టుకోవాలి, డీజిల్ డబ్బాలకు దూరంగా. పగలు నారింజ పొగ, చిన్న అద్దం బాగా పనిచేస్తాయి. గడువు తేదీ చూసి తీసుకోండి.

ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి: ఏ దిక్కు, ఎన్ని బారల లోతుకు, ఎన్నింటికి తిరిగి వస్తారు. ఆ టైము దాటి రాకపోతే వాళ్లు మర్నాటి దాకా ఆగకుండా 1554కి చెప్పాలి.

దరఖాస్తు

బోటు రిజిస్ట్రేషన్, మత్స్యకార గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లతో గ్రామ మత్స్య సహాయకుడిని కలవండి. కిట్‌లో ఏ వస్తువులు, ఏ రకంవి ఇస్తున్నారో జాబితా చూపించమనండి. సామాను అందిన రోజే జాకెట్ చీటీ, ఫ్లేర్ల గడువు, రేడియో ఛార్జింగ్ చూసుకుని తర్వాతే సంతకం పెట్టండి. అదే పథకం కింద ప్రమాద బీమాలో మీ పేరు ఉందో లేదో కూడా అప్పుడే అడగండి. ప్రీమియం ప్రభుత్వానిదే. ప్రమాద మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు.

మోటారు బోట్లకు వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు ఒకరోజు చూసుకుని, పక్కన ఇద్దరిని పెట్టుకుని, మొల లోతు నీళ్లలో జాకెట్ వేసుకుని తేలి చూడండి. బోటును లంగరు వేసి ఆ తాడు నిచ్చెనతో ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే ఇంకో ఉచ్చు కిందికి కట్టండి.